హార్డ్ డిస్కు పలుకనప్పుడు

వజ్రపుకొత్తూరు మండలములో సముద్రపుటొడ్డుననున్న అక్కుపల్లి మొదలుకొని ఉద్దానపు పల్లెలలో నేడు కంప్యూటరున్న యిల్లు వింత కాదు. చదువుకొనుచున్న పిల్లవాని ల్యాప్‌టాప్ ఒకటి, దాని ప్రక్కన అరచేతి వెడల్పు నల్లని పెట్టె ఒకటి, ఇంతే సరంజామా. ఆ నల్లని పెట్టెయే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు. పెద్దమ్మాయి పెండ్లి వీడియో అందులోనే. గతించిన తాతగారి ఫొటోలు అందులోనే. జీడితోట పట్టాల నకళ్లు, కొబ్బరి అమ్మకముల లెక్కలు అందులోనే. ఉద్దానములో ఇంతకంటె విలువైన కాగితము మరొకటి యున్నది. మూత్రపిండముల జబ్బుతో బాధపడు కుటుంబము లిచ్చట చాల కలవు. గడచిన నాలుగైదేండ్ల రక్తపరీక్షలలో క్రియాటినిన్ ఏ యేట ఎంత యున్నదో వరుసగా చూచినచో జబ్బు ఎంత వేగముగా ముదురుచున్నదో వైద్యునకు తెలియును. 2023 డిసెంబరులో పలాసలో ప్రారంభమైన మూత్రపిండ వ్యాధుల ఆసుపత్రికి పోయినను, విశాఖపట్టణము పోయినను, ఆ పాత రిపోర్టులు వెంట నుండవలసినదే. కాగితము చెమ్మకు పాడగునని వానిని స్కాన్ చేసి ఈ పెట్టెలో దాచుకొనువా రున్నారు.

ఒకనాడు ఆ పెట్టెను కంప్యూటరుకు తగిలించినచో ఏమియు కనబడదు. లేదా తెరపై ఒక ప్రశ్న వెలయును: ఈ డిస్కును వాడుటకు ముందు ఫార్మాట్ చేయవలెను, చేయమందురా, అని. ఇంటిల్లిపాదికి గుండె జారును. ఏదో యొకటి నొక్కినగాని బాగుపడదను తొందరలో ‘సరే’ యనువారు కొల్లలు. ఈ ప్రసంగము ఆ మీటను గూర్చియు, దాని జోలికి పోకమునుపు చేయదగిన పనులను గూర్చియు.

డిస్కు కనబడకపోవుట వేరు. అందలి సమాచారము నశించుట వేరు. మొదటిది తరచుగా జరుగును. రెండవది అంత తరచు కాదు. జరిగినచోట కూడ మొదటి గంటలో మనము కంగారుపడి చేసిన పనులే అనేక పర్యాయములు దానికి కారణములు. కావున చెడినది తీగయా, పెట్టెయా, లోపలి పట్టికయా అని తేలువరకు ఆ డిస్కుపై క్రొత్తగా ఒక్క అక్షరమైనను వ్రాయరాదు. చూడవచ్చును, వినవచ్చును, చదివింపవచ్చును. చదివించుట కూడ ప్రమాదమగు సందర్భ మొకటి కలదు. దానిని వేరుగా చెప్పెదను.

పెట్టె లోపలి సంగతి కొంచెము తెలిసినచో ఈ నియమము సులభముగా బోధపడును. గ్రామఫోను చూచినవారికి పోలిక చేతికందు దూరములోనే యున్నది. లోపల అద్దమువలె నునుపైన పళ్ళెము ఒకటియో రెండో నిమిషమునకు 5400 సారులు తిరుగుచుండును. బల్లమీద పెట్టు పెద్ద పెట్టెలలో 7200 సారులు తిరుగునవియు కలవు. గ్రామఫోను ముల్లు రికార్డును రాయుచు పోవును. ఇందులోని తల మాత్రము పళ్ళెమును తాకదు. పళ్ళెము వేగమునకు పుట్టిన గాలిపొరపై అది తేలుచుండును. ఆ యెడము తలవెండ్రుక మందములో వేల వంతులలో ఒక వంతు. తిరుగుచున్న పెట్టె బల్లమీదినుండి జారిపడినచో తల పళ్ళెమునకు తగిలి గీత పడుటకు అవకాశమెంతయో దీనినిబట్టి గ్రహింపవచ్చును. ఇక వ్రాత సంగతి: అది టేపు రికార్డరు పద్ధతియే, అయస్కాంతపు గురుతులే. 1956లో ఐబీఎం సంస్థ వెలువరించిన మొట్టమొదటి డిస్కు యంత్రములో 24 అంగుళముల పళ్ళెములు 50 ఉండెడివి. అన్నియు కలిసి 50 లక్షల అక్షరములు పట్టెడివి. నేడు చేతి ఫోనుతో తీసిన ఒక్క ఫొటోకు దాదాపు అంత చోటు కావలసివచ్చుచున్నది.

రేడియో స్టేషను టేపుల గది నెరిగినవారికి మరియొక పోలిక. ఏ నాటకము ఏ బీరువాలో, ఏ అరలో, ఏ టేపుపై నున్నదో తెలుపు కార్డుల పెట్టె యొకటి యుండును. ఆ కార్డులు తారుమారైనచో టేపులన్నియు భద్రముగనే యుండును గాని అడిగిన నాటకము దొరకదు. డిస్కుపై కూడ అట్టి పట్టిక కలదు. వ్రాత ముగియకమునుపే తీగను లాగివేసినను, నడుమ కరెంటు పోయినను పట్టిక సగము వ్రాసి సగము వ్రాయని స్థితిలో మిగిలిపోవచ్చును. కంప్యూటరు దానిని చదువజాలక ఫార్మాట్ చేయమందురా అని అడుగును. అనగా ఇందులో ఏమియు లేదని కాదు. ఉన్నది నాకు తెలియుట లేదు, క్రొత్త పట్టిక వేయుదునా, అని. త్వరిత ఫార్మాట్‌వలన పట్టిక మాత్రమే మారును, అడుగున పాత వ్రాత చాలవరకు మిగులును. పూర్తి ఫార్మాట్ చేసినచో, 2007లో వెలువడిన విండోస్ విస్టా నాటినుండి, డిస్కు మొదటినుండి చివరివరకు సున్నలు వ్రాయబడును. టేపు పెట్టి రికార్డు మీటను నొక్కి వదలివేసినట్లే. అటుపిమ్మట ఏ నిపుణుడైనను చేయగలది లేదు. కావున ఆ ప్రశ్నకు జవాబు ‘వద్దు’ అనియే. వద్దని, పెట్టెను పద్ధతిగా తొలగించి, వెలుపలినుండి లోపలికి ఒక్కొక్కటిగా పరీక్షింపవలెను.

అన్నిటికంటె వెలుపలిది తీగ. అన్నిటికంటె ముందు చెడునదియు అదియే. వెడల్పుగా, రెండు భాగములుగా కనబడు మొనగల తీగలు ఈ పెట్టెలతో ఎక్కువగా వచ్చుచుండెడివి. ఆ మొన కొంచెము వదులైనను డిస్కు ఒకసారి కనబడి మరుక్షణము మాయమగును. చూచుటకు బాగున్నంతమాత్రమున తీగ మంచిదని అనుకొనరాదు. అదే రకము తీగ మరియొకటి తెచ్చి చూచువరకు ఏ నిర్ణయమునకును రాకుడు. ఫోనుకు ఛార్జి పెట్టు తీగలలో కొన్ని కరెంటును మాత్రమే మోయును. సమాచారమును మోయు పోగులు వానిలో ఉండవు. మొన సరిపోయినదికదా యని అట్టి తీగను తగిలించినచో దీపము వెలుగును, డిస్కు కనబడదు. కొన్నివందల రూపాయల తీగతో తీరవలసిన దానికి డిస్కు పోయినదని దుఃఖించు ఇండ్లు కొన్ని కావు.

తీగ తరువాత అది దూరు పోర్టు. అక్కుపల్లివంటి తీరగ్రామములలో దీనిని ప్రత్యేకముగా చూడవలెను. సముద్రపు గాలిలోని ఉప్పు తడి కిటికీ చువ్వలకు త్రుప్పు పట్టించినట్లే సన్నని లోహపు రేకులపై కూడ పొర కట్టును. ఆ పొర కంటికి లీలగా కనబడును గాని కరెంటుకు అడ్డు నిలువగలదు. తీగను రెండువైపుల విప్పి, పొడి బ్రష్షుతో మృదువుగా దులుపుడు. అప్పటికిని మరక పోనిచో ఎలక్ట్రానిక్ సామాగ్రి దుకాణములో దొరకు ఐసోప్రోపైల్ ఆల్కహాలును కొంచెము అద్ది, బాగుగా ఆరనిచ్చి తగిలింపుడు. గుండుసూదితో గీకుట, కొబ్బరినూనె రాచుట మొదలగునవి చేయరాదు. నూనె రాచినచో మెరుగుగా నుండునను నమ్మకమునకు ఆధార మేమియు లేదు. దుమ్ము అంటుకొనుట మాత్రము నిశ్చయము.

పిమ్మట కరెంటు. చిన్న పెట్టెలకు వేరే అడాప్టరు ఉండదు. కంప్యూటరు పోర్టునుండియే శక్తిని తీసికొనును. 2000 సంవత్సరపు యూఎస్‌బీ 2.0 ప్రమాణము ఒక పోర్టునకు 500 మిల్లీ ఆంపియర్లు ఇచ్చునట్లు నిర్ణయించినది; 2008 నాటి 3.0 ప్రమాణము దానిని 900కు పెంచినది. పళ్ళెము కదలకున్నప్పుడు దానిని త్రిప్పనారంభించుటకే ఎక్కువ శక్తి కావలెను, రుబ్బురోలు మొదటి చుట్టుకు బలము పట్టినట్లు. పాత కంప్యూటరు ముందుభాగపు పోర్టులలోను, ఒకే పోర్టునకు నాలుగు పరికరములు తగిలించు హబ్బులలోను అంత శక్తి అందకపోవచ్చును. మీటరు పొడవు మించిన తీగలోను కొంత తరుగు పడును. కావున హబ్బును తీసివేసి, పొట్టి తీగతో, బల్లమీది కంప్యూటరైనచో వెనుకభాగమున నున్న పోర్టుకు నేరుగా తగిలించి చూడుడు. లోపల నీలిరంగు నాలుక యున్న పోర్టు సామాన్యముగా 3.0 జాతిది. పెద్ద పెట్టెలకు 12 వోల్టుల అడాప్టరు వేరుగా నుండును. వోల్టేజి ఎగుడుదిగుడులకు డిస్కుకంటె ముందు అదియే బలియగును. దానిని మార్చునప్పుడు వోల్టులు సరిగా అంతేయుండవలెను, ఆంపియర్లు తగ్గరాదు. మొన దూరినది చాలునని 19 వోల్టుల ల్యాప్‌టాప్ అడాప్టరును గ్రుచ్చినచో లోపలి పలక కాలును.

ఇంతవరకు సరియేయైనచో పెట్టెను మరియొక కంప్యూటరుకు తగిలింపుడు. అచ్చట కనబడినచో దోషము మన కంప్యూటరుది, డిస్కుది కాదు. రెండింటను కనబడనిచో అప్పుడు విండోస్‌లోని డిస్కు మేనేజిమెంటు అను తెరను తెరచి చూడవలెను. సామాన్యముగా డిస్కులు కనబడు కిటికీలో లేనిది కూడ ఇచ్చట కనబడవచ్చును. డిస్కు పేరు, పరిమాణము సరిగానే యుండి దానికి అక్షరము మాత్రము లేనిచో, అది ఇంటి నంబరు చెరిగిపోయిన ఇల్లువంటిది; ఒక అక్షరము కేటాయించినచో వెంటనే తెరచుకొనును. ‘రా’ అని కనబడినచో పట్టిక చెడినదని అర్థము. ఇనిషియలైజ్ చేయమని అడిగినచో అదియు ఒక విధమైన వ్రాతయే గనుక ఒప్పుకొనరాదు. టెరాబైటు డిస్కు సున్న పరిమాణముతో కనబడినచో లోపలి యంత్రమునకే జబ్బు చేసినదని తెలిసికొనుడు.

ఇక చెవితో చేయు పరీక్ష. మాబోటి ధ్వనితో బ్రతుకువారికి ఈ పరీక్షమీద మమకార మెక్కువ కావచ్చును గాని, నా అభిప్రాయములో తెరమీది సందేశములకంటె ఇది నమ్మదగినది. పెట్టెను కదలింపక చెవి దగ్గర పెట్టి వినుడు. ఆరోగ్యముగా నున్న డిస్కు మొదట సన్నని ఊపుతో లేచి, సమముగా ఝుమ్మని మ్రోగుచు, నడుమ నడుమ ఆకులు కదలినట్లు చిన్న శబ్దము చేయును. ఏ శబ్దమును లేనిచో కరెంటు అందుట లేదు, లేదా మోటారు బిగిసినది. బీప్ బీప్‌మని సన్నగా మూలిగినచో మోటారు తిరుగజాలక పెనుగులాడుచున్నది. అది తీగలోపమువలన కూడ కావచ్చును గనుక మంచి తీగతో ఒక్కసారి చూచి మానుకొనుడు. టక్ టక్‌మని గడియారమువలె తెగక కొట్టుచున్నచో, తల తన చోటు కానక మరల మరల వెదకుచున్నదని అర్థము. చదివించుటయు ప్రమాదమే యని పైన సూచించిన సందర్భ మిదియే. వెంటనే విప్పివేయుడు. మరల తగిలించిన ప్రతిసారియు పళ్ళెముపై గీతలు పెరుగవచ్చును. ఫ్రిజ్‌లో పెట్టి తీసిన నడచునను చిట్కా యొకటి ప్రచారములో నున్నది. చల్లని పళ్ళెముపై మన తీరపు చెమ్మ మంచువలె కట్టును, ఉన్న ఆశయు పోవును. మూత విప్పి చూచుట అంతకంటె చెడ్డది. దుమ్ములేని గదిలో, తగిన పనిముట్లతో మాత్రమే చేయదగిన పని అది.

చెడినదనుకొన్న డిస్కు నిజముగా చెడకపోవుటయు కద్దు. 1000 గిగాబైట్లని చెప్పి అమ్మిన డిస్కు కంప్యూటరులో 931గా కనబడును. దుకాణదారుడు మోసగించలేదు; తయారీదారు వేయికి వేయి చొప్పున లెక్కించుచున్నాడు, విండోస్ 1024 చొప్పున లెక్కించుచున్నది. పెండ్లి వీడియో ఎక్కుట లేదని మరియొకరి ఫిర్యాదు: ఫ్యాట్ 32 అను పాత పట్టిక పద్ధతిలో 4 గిగాబైట్లకు మించిన ఫైలు పట్టదు. టెలివిజను విషయములో మాత్రము హెచ్చరిక అవసరము. డిస్కును టీవీకి తగిలించి పాటలు, సినిమాలు చూచుట చాల ఇండ్లలో వాడుక. చూచుటవరకు ఇబ్బంది లేదు. కార్యక్రమమును రికార్డు చేయమన్నప్పుడు అనేక టీవీలు, సెట్‌టాప్ పెట్టెలు డిస్కును తమ పద్ధతికి ఫార్మాట్ చేయుదుమని అడుగును. రిమోటు పిల్లల చేతిలో నుండును. నొక్కుటకు క్షణము చాలు. కుటుంబపు ఫొటోలున్న డిస్కును టీవీకి తగిలింపక, ఆ పనికి ఒక చౌక పెన్ డ్రైవు ఉంచుకొనుట మేలు.

డిస్కు కనబడినది, కాని మెల్లగా నడచుచున్నది, మధ్యలో ఆగుచున్నది అనుకొందము. అప్పుడు పరీక్షలతో కాలము గడుపక మొదట నకలు తీయవలెను. ఏది ముందు అన్నదానిలో విచక్షణ కావలెను. సినిమాలు మరల దొరకును. తాతగారి ఫొటో దొరకదు. వైద్యపు రిపోర్టులు, పట్టాల నకళ్లు చిన్న ఫైళ్లు, కొద్ది నిమిషములలో బయటపడును, అవి ముందు. తరువాత ఫొటోలు. వీడియోలు ఆ పిమ్మట. దోషములను సవరింపుమని విండోస్‌కు చెప్పు చెక్‌డిస్క్ ఆజ్ఞ పట్టికను తిరుగవ్రాయును. అది మంచి మందే గాని నకలు తీసిన తరువాతనే ఈయదగిన మందు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో వంటి ఉచిత ప్రోగ్రాము డిస్కు తన జబ్బును గూర్చి తానే వ్రాసికొను లెక్కలను చూపును: చెడిన చోటులు ఎన్ని, చదువుటకు మొండికేయుచున్నవి ఎన్ని. ఆ అంకెలు నానాటికి పెరుగుచున్నచో ఆ పెట్టెను ఇక నమ్మరాదు. పట్టిక మాత్రమే చెడిన డిస్కునుండి ఫైళ్లను వెలికితీయుటకు టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ అను ఉచిత ప్రోగ్రాములు కలవు. వెలికితీసినది ఏదైనను వేరే డిస్కుపై పెట్టవలెనుగాని అదే డిస్కుపై కాదు. నూతిలో నీరు తోడి అదే నూతిలో పోసినట్లగుటయే గాక అడుగుననున్న పాత వ్రాతయు చెరుగును. పళ్ళెములు లేని ఎస్‌ఎస్‌డీ పెట్టెల సంగతి వేరు. వానిలో శబ్దపరీక్ష లేదు. తుడిచివేసిన ఫైలు శాశ్వతముగా పోవుటయు త్వరగా జరుగవచ్చును.

పలాస-కాశీబుగ్గలోనో శ్రీకాకుళములోనో మరమ్మతు దుకాణమునకు ఈయవలసివచ్చినచో ఒక మాట స్పష్టముగా చెప్పుడు: నాకు డిస్కు అక్కరలేదు, అందులోని ఫైళ్లు కావలెను, అని. ఈ మాట చెప్పనిచో, డిస్కును ‘బాగుచేసి’ శుభ్రముగా ఖాళీగా తిరిగి ఇచ్చుట జరుగవచ్చును. దుకాణదారుని దృష్టిలో అది నెరవేరిన పనియే.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినది. గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగముతో వీచిన గాలికి ఉద్దానములోని కొబ్బరి, జీడి, పనస తోటలు నేలకొరిగినవి. స్తంభములు విరిగి పల్లెలు దినముల తరబడి చీకటిలో మిగిలినవి. అట్టి రాత్రి ఒకే బీరువాలో నున్న రెండు డిస్కులు రెండు నకళ్లు కావు, ఒకటే. పీటర్ క్రోగ్ అను అమెరికా ఛాయాచిత్రకారుడు ప్రచారములోనికి తెచ్చిన లెక్క యొకటి కలదు: ముఖ్యమైన దానికి మూడు ప్రతులు, రెండు రకముల సాధనములపై, అందొకటి వేరొక చోట. సంపన్నుల పద్ధతివలె వినబడుచున్నను మన ఇండ్లకిది భారము కాదు. కంప్యూటరులో ఒకటి, పెట్టెలో ఒకటి, రిపోర్టులు పట్టాల మట్టుకు ఒక పెన్ డ్రైవులో మరియొకటి. ఆ మూడవది ఉద్దానము వెలుపల, విశాఖలోనో హైదరాబాదులోనో ఉద్యోగము చేయుచున్న పిల్లల వద్ద నుండవలెను. పండుగకు వచ్చినప్పుడు దానిని తెచ్చి, క్రొత్తవి చేర్చుకొని పోవుదురు.

తుపాను హెచ్చరిక వచ్చిననాడు డిస్కును కంప్యూటరునుండి విప్పి, జిప్పుగల మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఎత్తైన అటకమీద కాగితముల పెట్టెతోబాటు ఉంచుడు. కరెంటు తిరిగివచ్చిన మొదటి గంటలలో వోల్టేజి నిలకడగా నుండదు. దీపములు వణకుట మానువరకు తగిలింపరాదు. ఒకవేళ తడిసినచో ఎండలో పెట్టుట, బియ్యములో పూడ్చుట, వేడిగాలి పట్టించుట ఏదియు వలదు. నడచునో లేదో చూతమని తగిలించుట అసలే వలదు. లోపలి ఉప్పునీరు ఆరినచో పళ్ళెముపై ఉప్పు మిగులును. తడిసినదానిని తడిగానే సంచిలో మూసి నిపుణునికి అప్పగింపవలెను.

నకలు తీసిననాడే దానిలోని ఒక ఫొటోను, ఒక రిపోర్టును వేరొక కంప్యూటరులో తెరచి చూడుడు. తెరచుకొన్నచో పెట్టెకు కాగితపు చీటీ అంటించి, తేదీ వేసి, అందులో ఎవరి కాగితములున్నవో ఇంటిలోని పెద్దవారు చదువగల అక్షరములతో వ్రాయుడు.